కప్పు లేని బొమ్మల కొలువు

మ్యూజియం అనగానే మనకు టికెట్ కౌంటరు, అద్దాల పెట్టెలు, మూలన కుర్చీలో కాపలాదారు, 'ముట్టరాదు' అన్న బోర్డు గుర్తొస్తాయి. హైదరాబాదులో సాలార్‌జంగ్ చూసొచ్చిన వాళ్లందరి మనసులో ఉండేది ఈ బొమ్మే. అందుకే గోడలూ కప్పూ లేని మ్యూజియం అంటే చాలామందికి సగం అర్థమవుతుంది, సగం అనుమానంగా ఉంటుంది. ఎండకూ వానకూ వదిలేస్తే కళ ఎన్నాళ్లు నిలుస్తుంది? తలుపే లేనిచోట ఎవరు చూస్తారు, ఎవరు కాపాడతారు? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి జగిత్యాల జిల్లా కొడిమ్యాల నుంచి ఎక్కడికో పోనక్కర్లేదు. పూడూరు మీదుగా జగిత్యాల–కరీంనగర్ రోడ్డెక్కి, కరీంనగర్ దిక్కు కొద్ది దూరం పోతే గంగాధర మండలం వస్తుంది. అందులో కురిక్యాల ఊరు. ఆ ఊరి గుట్ట మీద పదకొండు వందల ఏళ్లకు కాస్త తక్కువగా ఎండలో, వానలో, చలిలో నిలబడి ఉన్న బొమ్మలున్నాయి. జనం దాన్ని బొమ్మలమ్మ గుట్ట అంటారు. పుస్తకాల్లో బొమ్మలగుట్ట.

ముందు బయటి ప్రపంచం సంగతి కొంచెం చెప్పుకుందాం. ఆరుబయట మ్యూజియం అన్న ఆలోచనకు పేరు తెచ్చింది స్వీడన్. స్టాక్‌హోంలో 1891లో స్కాన్సెన్ తెరిచారు. పాత ఇళ్లను ఊళ్ల నుంచి విప్పి తెచ్చి ఆరుబయట మళ్లీ నిలబెట్టారు. సమకాలీన కళకు ఇదే పద్ధతి వర్తించడం తర్వాతి ముచ్చట. జపాన్‌లోని హకోనె కొండల్లో 1969లో శిల్పాల తోట ఒకటి మొదలైంది. చిలీలోని వాల్పరైసో రేవు పట్టణం కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉంటుంది. అక్కడి విద్యార్థులు 1969లో వీధి గోడల మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. సైనిక కుట్ర జరిగిన 1973లో ఆ పని ఆగిపోయింది. 1992లో అదే కొండ మీద రొబెర్తో మత్తా లాంటి పేరున్న చిత్రకారుల రచనలతో బహిరంగ మ్యూజియం ప్రారంభమైంది. ఇటలీలో ఆల్ప్స్ అంచున మోర్తెరోనె అని చిన్న కొండ ఊరుంది. ఆ దేశంలో అతి తక్కువ జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో అదొకటి, మనుషులు పదుల్లోనే ఉంటారు. కార్లో ఇన్వెర్నిజ్జి అనే కవి పూనికతో 1980ల నుంచి అక్కడి పచ్చికలో, ఇళ్ల గోడల మీద, దారుల పక్కన నేటి కళాకారుల పనులు ఒక్కొక్కటిగా చేరుతూ వచ్చాయి.

ఇంత చిన్న ఊరికి అంత కళ ఎందుకు అనిపించవచ్చు. కానీ కవి తలుచుకోవడం, కొండ ఊరు వేదిక కావడం మన పక్కనే జరిగిన కథ. అదీ క్రీస్తు శకం 945 ప్రాంతంలో.

అప్పుడు ఈ నేలను ఏలింది వేములవాడ చాళుక్యులు. రాష్ట్రకూటులకు సామంతులు. రెండవ అరికేసరి ఆస్థానంలో పంపడనే జైన కవి ఉండేవాడు. కన్నడిగులు ఆదికవిగా కొలిచేది ఈయన్నే. విక్రమార్జున విజయం, ఆదిపురాణం ఆయన రచనలు. ఆ పంపడి తమ్ముడు జినవల్లభుడు. కురిక్యాల గుట్ట మీద బొమ్మలు చెక్కించిందీ, వాటి కింద శాసనం రాయించిందీ ఆయనే. ఆ శాసనంలోనే తమ వంశం గురించి చెప్పుకున్నాడు. తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె, పూర్వికులు వేంగినాటి కమ్మనాడులోని వంగిపర్రు వాళ్లు. కన్నడ ఆదికవి పుట్టుపూర్వోత్తరాలు ఇంత స్పష్టంగా లోకానికి తెలిసింది తెలంగాణలోని ఈ బండ వల్లనే. కన్నడ సాహిత్యం చదివేవాళ్లకు కురిక్యాల పేరు తెలుసు. కొండగట్టుకు మొక్కు తీర్చుకోవడానికి ఈ రోడ్డు మీదే పోయే మనవాళ్లలో ఎందరికి తెలుసు అంటే జవాబు చెప్పడం కష్టంగా ఉంటుంది, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇక బొమ్మల దగ్గరికి వద్దాం. బండ నిలువు ముఖం మీద నడుమ జైన దేవత చక్రేశ్వరి ఉంటుంది. ఎనిమిది చేతులు. పేరుకు తగ్గట్టు పై చేతుల్లో చక్రాలు. వాహనం గరుత్మంతుడు. చుట్టూ జైన తీర్థంకరుల రూపాలు. వాటిలో కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే తేడా ఒకటుంది. చక్రేశ్వరికి నగలున్నాయి, కదలిక ఉంది, చేతులు విసనకర్రలా విచ్చుకున్నాయి. తీర్థంకరులకు ఏ నగా లేదు, ఏ కదలికా లేదు. శిల్పి ఒకే బండ మీద, ఒకే ఉలితో, లోకాన్ని కాపాడే శక్తినీ లోకాన్ని వదిలేసిన శాంతినీ పక్కపక్కన పెట్టాడు. జైనం గురించి ఒక్క ముక్క తెలియని మనిషి కూడా కాసేపు నిలబడి చూస్తే ఈ తేడా పట్టుకోగలడు. మంచి కళ చేసే పని అదే.

చక్రేశ్వరినే ఎందుకు ఎంచుకున్నాడు? ఆమె మొదటి తీర్థంకరుడైన ఋషభనాథుడి యక్షిణి. ఋషభుడినే వృషభుడనీ అంటారు. శాసనం ఈ గుట్టను వృషభగిరి అంటుంది. అన్న పంపడు 941లో పూర్తి చేసిన ఆదిపురాణం కథానాయకుడు ఆ ఋషభనాథుడే. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. అన్న ఋషభుడి కథను కావ్యంగా రాశాడు. నాలుగైదేళ్ల తేడాలో తమ్ముడు ఋషభుడి యక్షిణిని రాతిలో నిలబెట్టాడు. తాటాకు మీది కావ్యం చదవగలిగేది కొందరే. గుట్ట మీది బొమ్మ దారిన పోయే ఎవరికైనా కనిపిస్తుంది. ఇంట్లో కొత్తగా పుట్టిన కావ్యాన్ని జనం ముందు మరో రూపంలో పెట్టే ప్రయత్నంగానే దీన్ని నేను చూస్తాను. మనకిది పురావస్తువు. జినవల్లభుడికి మాత్రం అది ఆ ఏటి కొత్త పని. తన కాలపు రాజకీయం, తన ఇంటి సాహిత్యం, తాను నమ్మిన ధర్మం అన్నీ కలిసిన సమకాలీన కళ.

శాసనం గురించి తీరిగ్గా మాట్లాడుకోవాలి, అసలు కిటుకు అక్కడే ఉంది. అది మూడు భాషల్లో ఉంది: సంస్కృతం, కన్నడం, తెలుగు. పండితులకు సంస్కృతం, ఆస్థానానికి కన్నడం, ఈ నేల మనుషులకు తెలుగు. ఇవాళ్టి మ్యూజియంలో బొమ్మ కింద పెట్టే చీటీ ఏం చేస్తుంది? ఇది ఏమిటి, ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని చూసేవాడి భాషలో చెబుతుంది. జినవల్లభుడు ఆ పని రాతి మీదే చేసి పెట్టాడు. పైగా తెలుగు భాగం పొడి మాటల్లో రాయించలేదు. మూడు కంద పద్యాలు చెక్కించాడు. నన్నయ రాజరాజ నరేంద్రుడి కొలువులో మహాభారతం మొదలుపెట్టింది పదకొండో శతాబ్దంలో. అంతకు సుమారు వందేళ్ల ముందే కందం ఈ గుట్ట మీద పూర్తి రూపంలో ఉంది. తెలంగాణలో పాత కాలపు తెలుగు పద్యం లేదన్న మాటకు ఈ బండే ఎదురు సాక్ష్యం. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిన సందర్భంలో కురిక్యాల శాసనం పేరు పదేపదే వినిపించింది అందుకే.

శాసనంలో ఇంకో ముచ్చట ఉంది. ఆరుబయట కళ గురించి ఆలోచించేవాళ్లు పట్టించుకోవాల్సింది దాన్నే అంటాను. జినవల్లభుడు బొమ్మలు చెక్కించి ఊరుకోలేదు. త్రిభువన తిలకం అనే బసది, అంటే జైన గుడి కట్టించాడు. కవితాగుణార్ణవం అనే చెరువు తవ్వించాడు. మదన విలాసం అనే తోట వేయించాడు. చెరువుకు పెట్టిన పేరు పంపడి బిరుదే. అంటే ఆయన దృష్టిలో బండ మీది శిల్పం ఒంటరి వస్తువు కాదు. అక్కడికి వచ్చే మనిషికి నీళ్లు కావాలి, నీడ కావాలి, కూర్చోవడానికి చోటు కావాలి, చదువుకోవడానికి నాలుగు మాటలు కావాలి. ఇవన్నీ కలిస్తేనే బొమ్మ దగ్గరికి మనిషి వస్తాడు. వచ్చిన మనిషి మళ్లీ వస్తాడు. గోడలు లేని మ్యూజియానికి కాపలా అంటే ఆ రాకపోకలే. ఈ గంగాధర ఆ రోజుల్లో మారుమూల ఏమీ కాదు. సోమదేవసూరి 959లో యశస్తిలకం అనే సంస్కృత కావ్యాన్ని గంగాధరలోనే పూర్తి చేశాడు. అది మన గంగాధరేనని తెలంగాణ చరిత్రకారులు గుర్తించారు. కవులూ మునులూ తిరిగిన తావు ఇది.

తర్వాత కాలంలో ఈ ప్రాంతంలో జైనం పలచబడింది. బసదికి దీపం పెట్టేవాళ్లు పోయారు. కానీ గుట్ట అనాథ కాలేదు. ఊరివాళ్లు చక్రేశ్వరిని బొమ్మలమ్మ చేసుకున్నారు. దీన్ని కొందరు చదువుకున్నవాళ్లు తక్కువచేసి మాట్లాడతారు, చరిత్ర తెలియక అమ్మవారిని చేశారని. నేనలా అనుకోను. పేరు మారినా తల్లి అన్న గౌరవం ఉండబట్టే ఆ బండ మీద ఎవరూ సుత్తి వేయలేదు. వందల ఏళ్ల పాటు ఏ ప్రభుత్వ శాఖా లేని కాలంలో ఆ శిల్పాన్ని నిలిపింది ఆ భక్తే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఎండా వానా రాతిని ఏం చేస్తాయి? కరీంనగర్, జగిత్యాల గుట్టలు గ్రానైటువి. గ్రానైటులో ప్రధానంగా ఉండేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, నల్లగా మెరిసే అభ్రకం. ఎండాకాలం పగలు బండ కాలిపోతుంది, రాత్రి చల్లారుతుంది. ఈ మూడూ ఒకే తీరుగా వ్యాకోచించవు. ఏళ్ల తరబడి ఈ లాగుడు సాగితే రేణువుల మధ్య పట్టు సడలి పైపొర పెచ్చులుగా లేస్తుంది. ఫెల్డ్‌స్పార్ నీళ్లు తగిలి నిదానంగా మట్టిగా మారుతుంది. అభ్రకంలోని ఇనుము తుప్పురంగు మరకలు దించుతుంది. అయితే ఇదంతా వందల, వేల ఏళ్ల లెక్క. సున్నపురాయి, ఇసుకరాయిలతో పోలిస్తే గ్రానైటు చాలా గట్టిది. చెక్కడం కష్టమైనదే అరగడానికీ మొరాయిస్తుంది. కాబట్టి ఇక్కడి శిల్పికి రాయి ఇచ్చింది కష్టం, కానీ ఆ కష్టానికి ప్రతిఫలంగా ఆయుష్షు ఇచ్చింది.

నిజమైన ముప్పు వాతావరణం కాదు. బండ మీద నీళ్లు కారే దారి మారితే ముప్పు. పైన ఎక్కడో ఒక చిన్న గట్టు పగిలినా, ఎవరో మెట్లకోసమని కాలువ కొట్టినా, వాననీరు తిన్నగా బొమ్మ ముఖం మీదికి దిగుతుంది. ఆ తడిలో పాచి, రాతిపువ్వు పట్టుకుంటాయి. వాటి వేళ్లలాంటి పోగులు రాతి రంధ్రాల్లోకి దిగి పైపొరను వదులుచేస్తాయి. భక్తితో పూసే నూనె, పసుపు, కుంకుమ కూడా తడిని లోపల బంధిస్తాయి. సున్నం వేస్తే సన్నని గీతలు పూడిపోతాయి. మంచి మనసుతో ఆయిల్ పెయింట్ వేస్తే మరీ నష్టం. రాయి ఊపిరి ఆగిపోతుంది, పొర ఊడేటప్పుడు రాతిని కూడా పెచ్చుగా లాక్కుపోతుంది. అక్షరాల్లో సుద్దముక్క నింపి ఫొటో తీసుకోవడం చాలామందికి అలవాటు, అదీ మానాలి. శాసనం చదవాలంటే ఎండ ఏటవాలుగా పడే వేళ చూడాలి. అక్షరం అంచున సన్నని నీడ పడి దానంతట అదే పైకి తేలుతుంది. శాసన పరిశోధకులు తడిపిన కాగితాన్ని బ్రష్షుతో రాతికి కొట్టి, పైన సిరా అద్ది ప్రతి తీస్తారు. నేర్చినవాళ్లు చేయాల్సిన పని అది.

అన్నిటికంటే పెద్ద ముప్పు క్వారీలది. ఉమ్మడి కరీంనగర్ గ్రానైటుకు దేశవిదేశాల్లో గిరాకీ ఉంది. టాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ అనే పేర్లతో ఇక్కడి బ్లాకులు చైనా దాకా పోయాయి. గుట్టకు గుట్టే లారీలెక్కి పోవడం ఈ ప్రాంతంలో అందరూ చూస్తున్నదే. బొమ్మలగుట్టకున్న ఈ గండం గురించి చరిత్ర పట్ల ప్రేమ ఉన్నవాళ్లు ఎన్నోసార్లు గొంతెత్తారు. వాళ్లు గొంతెత్తడం న్యాయం. మందుగుండు పేలుడు బొమ్మను నేరుగా తాకనక్కర్లేదు. దాని అదురు నేలలో ప్రయాణించి ఇప్పటికే ఉన్న సన్నని బీటల్ని వెడల్పు చేస్తుంది, ఆ బీటల్లోకి వానాకాలం నీరు దిగుతుంది. కేంద్ర రక్షిత కట్టడాల విషయంలో 1958 నాటి చట్టానికి 2010లో సవరణ చేసి చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతంగా, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతంగా నిర్ణయించారు. రాష్ట్రానికి 2017లో తన సొంత వారసత్వ చట్టం వచ్చింది. కానీ కాగితం మీది మీటర్లు గుట్టకు సరిపోవు. ఆరుబయట కళకు చుట్టూ ఉన్న గుట్టే చట్రం. చట్రం తవ్వేసి బొమ్మను మాత్రం ఉంచితే అది మొండిగోడ మీది బొమ్మ అవుతుంది.

ఇక కొత్త కళ సంగతి. మన దేశంలో ఆధునిక శిల్పాన్ని ఆరుబయటికి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది రాంకింకర్ బైజ్ పేరు. 1938లో శాంతినికేతన్‌లో ఆయన సంతాల్ కుటుంబాన్ని నిలబెట్టాడు. తండ్రి భుజాన కావడి, కావడి తట్టలో బిడ్డ, పక్కన తల్లి, వెంట కుక్క. ఆయన వాడింది కంచు కాదు, పాలరాయి కాదు. అక్కడి ఎర్ర కంకర, సిమెంటు. దేవుడూ రాజూ కాని కూలి కుటుంబానికి అంత ఎత్తైన బొమ్మ, అదీ వాళ్లు నడిచే నేలలోని రాళ్లతోనే. తావుకు తగిన వస్తువు, తావుకు తగిన మనుషులు. ఆరుబయట కళలో ఈ రెండూ కుదరడమే సగం విజయం. చండీగఢ్‌లో నేక్‌చంద్ పగిలిన గాజులు, పింగాణీ ముక్కలతో చేసిన రాక్ గార్డెన్ 1976లో జనానికి తెరుచుకున్నప్పుడు తేలిందీ అదే, పారేసిన సరుకు కూడా కళకు ముడిసరుకేనని.

హైదరాబాదులో ఖైరతాబాద్ దగ్గరి ఎం.ఎస్. మక్తా గల్లీ గోడల మీద 2016లో స్టార్ట్ ఇండియా సంస్థ చొరవతో పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. రాజ్‌భవన్ పక్కన ఉండి కూడా నగరం పట్టించుకోని బస్తీ అది. బొమ్మలతో జనం చూపు అటు తిరిగింది. అక్కడ మెచ్చుకోవాల్సింది బస్తీవాళ్ల సొంత గోడలు కళకు చోటు కావడం. కానీ రంగుకు రాతి ఆయుష్షు ఉండదు. దక్షిణాన్నో పడమటో చూసే గోడ మీద ఎరుపు ముందుగా వెలిసిపోతుంది, సున్నపు గోడ చెమ్మ పీలిస్తే పొర ఉబ్బి రాలుతుంది. గోడబొమ్మ అంటే కొన్నేళ్లకోసారి మళ్లీ వేసుకోవాల్సిన బొమ్మ. వాల్పరైసోలోనూ సముద్రపు తేమకు పాడైన గోడల్ని మళ్లీ బాగుచేయాల్సి వచ్చింది. మొదటి ఏడాది ఖర్చు చూపించి, తర్వాతి ఏళ్ల ఖర్చు దాచే ఏ ప్రణాళికనూ నమ్మకూడదు.

కొడిమ్యాల వైపు ఇలాంటిదొకటి జరగాలంటే కావాల్సినవన్నీ చుట్టూనే ఉన్నాయి. బయటి దేశాలకు పనికిరాదని క్వారీ దగ్గర వదిలేసిన గ్రానైటు మొండి బ్లాకులున్నాయి. ఒక మూల బీటవారినందుకు, రంగు తేడా ఉన్నందుకు కుప్పగా పడేసిన రాళ్లవి, శిల్పికి మాత్రం ఆ బీటే ఒక గీత. రాయి ఎటు పగులుతుందో సుత్తి చప్పుడును బట్టి చెప్పగల వడ్డెర పనివాళ్లున్నారు. నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. అదురును కొలవడం, నీటి దారిని లెక్కగట్టడం, బండ ఉపరితలాన్ని త్రీడీలో నమోదు చేసి ఏటేటా పోల్చడం అక్కడి పిల్లలకు చక్కటి ప్రాజెక్టులవుతాయి. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం తెలంగాణ ఆడవాళ్ల నుదుటి బొట్టునూ చీర అంచునూ దేశంలోని పెద్ద గ్యాలరీలకు తీసుకెళ్లారు. ఆయన బొమ్మల్లోని మనుషులు ఈ ఊళ్ల మనుషులే. ఆ బొమ్మలు చూడాలంటే మాత్రం ఈ ఊళ్లవాళ్లు పట్నం పోవాలి. ఈ అన్యాయం సరిచేయగలిగింది ఆరుబయట కళే.

అయితే ఎక్కడ పెట్టాలన్న విషయంలో పట్టుదలగా ఉండాలి. బొమ్మలగుట్ట మీద మాత్రం కాదు. ఆ బండ మీద జినవల్లభుడు తన కాలపు మాట చెప్పేశాడు, దాని పక్కన మన మాట చెక్కడం దుందుడుకుతనం. కొత్త పనులకు రోడ్డు పక్క చెరువు కట్టలున్నాయి, బస్టాండు గోడలున్నాయి, బడుల ఆవరణలున్నాయి. కొండగట్టుకు మంగళ, శనివారాల్లో వచ్చే జనసందోహంలో పదో వంతు మంది ఆగినా ఏ నగర గ్యాలరీకీ రానంతమంది చూసినట్టు.

మొదలుపెట్టేవాళ్లు జినవల్లభుడి వరసనే పట్టుకోవాలి. ముందు నీళ్లు, నీడ, నడవడానికి దారి. ఆ తర్వాత బోర్డు. దాని మీద ఆ మూడు కందాలూ ఈనాటి తెలుగు అక్షరాల్లో, కింద బడిపిల్లలకు అర్థమయ్యే తాత్పర్యంతో, పక్కన కన్నడ భాగం కన్నడ లిపిలో ఉండాలి, పంపడి పేరు వెతుక్కుంటూ కర్ణాటక నుంచి వచ్చేవాళ్లకోసం. బోర్డును బండకు మేకులతో కొట్టకూడదు, దూరంగా నేలలో పాతాలి. గుట్ట పైభాగంలో వాననీటి దారుల్ని ఏటా వానాకాలం ముందు చూసి శుభ్రం చేసే బాధ్యత పంచాయతీ పద్దులో చేరాలి. ఫలానా తేదీన ఫలానా బీట ఇంత వెడల్పు ఉంది అని రాసిపెట్టే నోటుపుస్తకం బడిలో ఉండాలి. ఇవి కుదిరాక శిల్పుల్ని పిలవచ్చు, రాయి ఇక్కడిదే ఇవ్వచ్చు, చెక్కేటప్పుడు జనాన్ని దగ్గరికి రానివ్వచ్చు.